ముగ్గురు రాసిన చావు

గోవర్ధన్ కోరుట్ల నుంచి బస్సులో వచ్చాడు. చంకలో కాగితం చుట్ట ఉంది. సిరిసిల్లలో దిగి, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు వినిపించే గల్లీల్లోంచి నడిచి, బొద్దుల అంజయ్య ఇంటి ముందు చెప్పులు విడిచాడు.

అంజయ్య చనిపోయి నాలుగేళ్లయింది. ఇప్పుడా ఇంట్లో ఇద్దరే ఉంటున్నారు. అంజయ్య భార్య సత్తవ్వ సాంచాలకు కండెలు చుడుతుంది. కోడలు నీల బీడీలు చేస్తుంది. నీల భర్త జలపతి సాంచాల మీద పనిచేసేవాడు. 1986 వానాకాలంలో ఒకరోజు పనికి వెళ్లి ఇంటికి రాలేదు. దళంలో కలిశాడని తర్వాత తెలిసింది. మొదటి రెండేళ్లలో అంజయ్యకు ఒకటి రెండు సార్లు కబురు అందింది. తర్వాత ఏ కబురూ లేదు. ఇప్పుడు 1997.

"ఎవలు, గోవర్ధనా?" సత్తవ్వ రాట్నం ఆపింది. "మా ఇంటి తొవ్వ మర్చిపోయినవనుకున్న."

"మర్చిపోతె ఎట్లొస్త పెద్దమ్మా?"

"ఏంది చంకల? గోడకు తగిలేసే దేవుని ఫోటోనా?"

"కాదు. మన బొద్దులోళ్ల చెట్టు. ఏడు తరాలు గీసిన."

"ఏడు తరాల చెట్టైతె కాయలన్న తేకపోతివి."

గోవర్ధన్ నవ్వాడు. అతను కోరుట్లలో బడిపంతులు. అంజయ్యకు వరుసకు తమ్ముని కొడుకు. కులసంఘం వాళ్లు ఆ యేడు ఒక సంచిక వేస్తున్నారు. అందులో ఇంటిపేర్ల వారీగా వంశవృక్షాలు ఉంటాయి. బొద్దుల వారి పని గోవర్ధన్‌కు వచ్చింది. అచ్చుకు ఇచ్చేముందు ఇంటింటికీ తిరిగి చూపిస్తున్నాడు.

నీల తునికాకు చాటను పక్కకు జరిపింది. గోవర్ధన్ కాగితాన్ని నేలమీద పరిచాడు. ఒక మూలన కత్తెర పెట్టాడు, మిగతా మూలల్లో కండెలు. ఒక్కో పేరుకు ఒక్కో సున్న ఉంది. ఉన్నవాళ్ల సున్నలు ఖాళీగా వదిలాడు. పోయినవాళ్ల సున్నల్లో నల్ల సిరా నింపి, పేరు పక్కన రాశాడు. కింద సంవత్సరం వేశాడు.

నీల ఏడో తరగతి చదివింది. మామ పేరు వెతికి పట్టుకుంది. అక్కడినుంచి గీత వెంబడి వేలు కిందికి జరిపింది. వేలు ఒకచోట ఆగింది. అక్కడినుంచి కదల్లేదు.

"గోవర్ధన్, గిది నీకెవలు చెప్పిండ్రు?"

గోవర్ధన్ వంగి చూశాడు. ఆమె వేలు జలపతి పేరు మీద ఉంది. కింద 1988 అని ఉంది.

"వదినా... మీకు తెల్వదా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"నేను ఉత్తగ రాయలే వదినా. జగిత్యాల శంకరయ్య పెద్దబాపు గీసినదాంట్ల ఉన్నది. ముస్తాబాద్ కొమురయ్య కాక గీసినదాంట్ల ఉన్నది. షోలాపూర్ల మనోళ్లు పుస్తకమేసిండ్రు, దాంట్ల ఉన్నది. ఒక్కల్ది చూసి రాయొద్దనుకున్న. మూడింట్ల ఒక్కతీరుగ ఉంటెనే రాసిన."

"ఏందే నీలా?" సత్తవ్వ అడిగింది. "మా జలపతి పేరు ఉన్నదా?"

"ఉన్నది అత్తమ్మా."

"ఏమని ఉన్నది?"

నీల గోవర్ధన్ వైపు చూసింది. సత్తవ్వకు చదువు రాదు. మోకాళ్ల మీద జరుగుతూ కాగితం దగ్గరికి వచ్చి, నీల వేలు ఉన్నచోటు చూసింది.

"దీని మీదిది ఎవనిది?"

"మామది."

"వాళ్ల బాపు సున్న నల్లగున్నది. వీనిది గూడ నల్లగున్నది." సత్తవ్వ గోవర్ధన్ ముఖంలోకి చూసింది. "నీది తెల్లగున్నదా బిడ్డా?"

"ఉన్నది పెద్దమ్మా."

సత్తవ్వ ఏడ్చింది. పక్కింటి రాజవ్వ వచ్చింది. ఆమె వెనక గల్లీలోని ఆడవాళ్లు వచ్చారు. పదకొండేళ్లలో సత్తవ్వ కొడుకు కోసం గొంతెత్తి ఏడవలేదు. ఏడిస్తే పోలీసులకు కబురు పోతుంది, ఎందుకేడ్చావని అడుగుతారు. బయట అతని పేరు కూడా పలికేది కాదు. ఆరోజు పేరు పెట్టి పిలిచి ఏడ్చింది.

*

పేపర్లో 'గుర్తు తెలియని మృతదేహం' అని పడినప్పుడల్లా అంజయ్య, నీల కరీంనగర్ వెళ్లేవాళ్లు. మార్చురీ ముందు నిలబడి, పిలిచినప్పుడు లోపలికి వెళ్లి చూసి వచ్చేవాళ్లు. అంజయ్య పోయాక నీల ఒక్కతే వెళ్లింది. ఏ శవమూ జలపతిది కాలేదు. తిరిగొచ్చాక సత్తవ్వ ఏమీ అడిగేది కాదు. నీల గడపలోనే తల అడ్డంగా ఊపేది. సత్తవ్వ పొయ్యి వెలిగించేది.

కాగితం వచ్చిన తర్వాత సత్తవ్వ మాట ఒకటే.

"ముగ్గురు రాసిండ్రు. ఒక్కడంటె అబద్ధమాడుతడు. ముగ్గురాడుతరా?"

కులపెద్దలు వచ్చి కూర్చున్నారు. క్రియ జరగని ప్రాణం తిరుగుతూ ఉంటుందన్నారు. శవం లేకపోతే మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, మానేరు ఒడ్డున దహనం చేసి, మిగతాదంతా మామూలుగానే చేయవచ్చన్నారు. అమావాస్య దాటాక ఒక రోజు నిర్ణయించారు. ఆ రోజే నీల పుస్తెలు, మట్టెలు తీయాలి.

పెద్దలు వెళ్లిపోయాక నీల అత్త పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, నేనొకసారి పోయి అడిగొస్త."

"ఏం అడుగుతవే?"

"ముగ్గురు రాసిండ్రంటె ఎవలో ఒకలు చూసి ఉండాలె. ఏడ పోయిండు, ఎట్ల పోయిండు, పక్కన ఎవలున్నరు."

సత్తవ్వ రాట్నం దగ్గరికి జరిగింది.

"పోయిరా. ఆఖరికి ఏమన్నడో అడుగు. గది మర్చిపోకు."

*

నీల ముందు కోరుట్లకు వెళ్లింది. గోవర్ధన్ మూడు వంశవృక్షాలనూ మంచం మీద పరిచి చూపించాడు. జగిత్యాల శంకరయ్యది డ్రాయింగు షీటు. ముస్తాబాద్ కొమురయ్యది ఖాకీ కాగితం మీద పెన్సిల్‌తో గీసింది. షోలాపూర్‌ది అచ్చు పుస్తకం.

"ఎవలు చూసిండ్రని దీంట్ల ఉన్నదా?" నీల అడిగింది.

"అట్ల రాయరు వదినా. పేరు, ఊరు, సంవత్సరం. గంతే."

"మా అత్తమ్మ గురించి ఏం రాసిండ్రు? చదువు."

గోవర్ధన్ కొమురయ్య కాగితం తీసుకున్నాడు. "సత్తవ్వ, తల్లిగారిల్లు వేములవాడ."

"వేములవాడ కాదు. చందుర్తి."

"అవునా?" అతను షీటు చూశాడు. తర్వాత పుస్తకం తెరిచాడు. మళ్లీ ఖాకీ కాగితానికి వచ్చాడు. మూడింటిలోనూ వేములవాడ అనే ఉంది. తాను గీసిన దాన్ని తీసి చూడాల్సిన పని లేదు. అందులో ఏముందో తెలుసు.

గోవర్ధన్ మంచం అంచున కూర్చున్నాడు.

"వదినా, పరీక్షల ఇద్దరు పోరగాండ్లు ఒక్కతీరు ఒప్పు రాస్తే నేనేమనుకోను. ఒక్కతీరు తప్పు రాస్తెనే పట్టుకుంట. ఒకని దాంట్ల చూసి ఇంకొకడు రాసిండన్నట్టు."

"అంటె?"

"ఇవి మూడు కావు. ఒక్కటే."

"మరి నీది?"

గోవర్ధన్ కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. "నాది గూడ గదే," అన్నాడు.

జగిత్యాలలో శంకరయ్యకు బట్టల దుకాణం ఉంది. నీల వెళ్లేసరికి గిరాకీ లేదు. గద్దె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. విషయం వినగానే గొంతు పెంచాడు.

"షోలాపూరోళ్లా? దొంగలు. నా షీటు తీస్కపోయి అచ్చేసిండ్రు. కింద నా పేరు గూడ వెయ్యలే. రెండేండ్లు తిరిగి గీసిన కోడలా, రెండేండ్లు!"

"జలపతి సంగతి మీకెవలు చెప్పిండ్రు మామా?"

శంకరయ్య విసనకర్ర కింద పెట్టాడు.

"సిరిసిల్లోళ్ల కొమ్మ నేను తిరగలే. ముస్తాబాద్ కొమురయ్యది చూసి ఎక్కిచ్చుకున్న."

"ఆయన పేరు వేసిండ్రా కింద?"

"నువ్వు పోలీసోళ్ల కన్న ఎక్కువున్నవు గదనే!" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వెయ్యలే. అయినా సొంత అన్న కొడుకు సంగతి కొమురయ్యకు తెల్వకుంట ఉంటదా? మల్ల నేనెట్ల అడుగుదు? ఈ జగిత్యాలల ఆ రోజులు నీకు తెల్వదు. దళంల ఉన్నోని పేరు పట్టుకొని వాడేమైండని అడిగితె, నీకెందుకని పది మంది అడుగుదురు. రాసుకున్న. గంతే."

ఆమె లేచింది. దుకాణం మెట్లు దిగుతుంటే శంకరయ్య పిలిచాడు.

"నీలా, అన్నం తినిపో బిడ్డా."

"బస్సు పోతది మామా."

*

కొమురయ్య అంజయ్యకు సొంత తమ్ముడు. ఏడాది కిందట చనిపోయాడు. ఆయన భార్య దుర్గవ్వ ముస్తాబాద్‌లో ఉంటుంది. నీల వెళ్లేసరికి వాకిట్లో పత్తి కట్టె విరుస్తోంది.

"చిన్నత్తా, ఆయన పోయిండని చిన్నమామకు ఎవలు చెప్పిండ్రు?"

దుర్గవ్వ చేతిలోని కట్టెను కింద పెట్టింది.

"మీ మామనే."

"మా మామనా?"

"నోటితోటి చెప్పలే. ఈ ఇంట్లనే, ఈ అర్రలనే ఓదెలు పటం విప్పిండు. గప్పుడు పాడిచ్చిండు."

ఓదెలు కూనపులి. పద్మశాలీల ఇళ్లు తిరిగి, బొమ్మలు గీసిన గుడ్డ పటం విప్పి మార్కండేయ పురాణం పాడే కులం వాళ్లది. పాట అయ్యాక ఆ ఇంటి వంశం చెబుతారు. పోయినవాళ్లను పేరుపేరునా దేవుని పాదాల దగ్గర చేరుస్తారు. ఉన్నవాళ్లకు ఆయుష్షు అడుగుతారు. ఎవరి ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో వాళ్ల తాతల నుంచి నోటికే వస్తుంది. కొమురయ్య తన కాగితం గీసింది ఆ పాట విని.

"ఆ రోజు మీ మామ ఒక్కడే అచ్చిండు సిరిసిల్ల నుంచి," దుర్గవ్వ చెప్పింది. "ఊరోళ్లు అర్ర నిండ ఉన్నరు. వాకిట్ల గూడ నిలవడ్డరు. ఓదెలు మీ తాతల్ని చెప్పిండు, ముత్తాతల్ని చెప్పిండు. జలపతిని గూడ వాళ్లల్లనే చేర్చిండు. మా ఆయన కూలవడి ఏడ్చిండు. మీ మామ ఏడ్వలే. తల వంచుకొని కూసున్నడు. గంతే, అందరికి అర్థమైంది."

"మీరు ఏం అడగలేదా?"

"అడిగే రోజులా అవి? పాట కాంగనే పొద్దుగూకకముందు బస్సెక్కిండు."

"నేనెన్నిసార్లు అచ్చిన చిన్నత్తా మీ ఇంటికి! మామ చచ్చిపోయినప్పుడు నువ్వచ్చి నా పక్కన పండుకుంటివి. ఒక్కసారన్న అడగకపోతివి."

"నీకు తెలుసనుకున్న. శవం రాలేదని బొట్టు తీసేయలేదనుకున్న. అడిగితె ఏడుస్తవని అడగలే." దుర్గవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంగొకటి గూడ అనుకున్న. నిన్ను పిలిచేది బందైంది గద అప్పటిసంది. అందుకే మీరు చప్పుడు చేస్తలేరనుకున్న."

"ఎవలు పిలిచేది?"

"టేషనుకు. వారం వారం పిలుస్తుండ్రి గద."

నీల కట్టెల పక్కన కూర్చుంది. జలపతి వెళ్లిన తర్వాత రెండేళ్ల దాకా ప్రతి వారం ఆమెను స్టేషన్‌కు పిలిచేవాళ్లు. పొద్దున వెళ్తే సాయంత్రం పంపేవాళ్లు. కొన్నిసార్లు ఏమీ అడగకుండా బల్ల మీద కూర్చోబెట్టేవాళ్లు. కొన్నిసార్లు అడిగేవాళ్లు. అక్కడ జరిగింది ఆమె ఇంట్లో చెప్పలేదు. 1988లో పిలవడం ఆగిపోయింది. ఎస్సై బదిలీ అయ్యాడని, అందుకే ఆగిందని ఆమె అనుకుంది.

*

ఓదెలు ముస్తాబాద్‌కు దగ్గరి పల్లెలో ఉంటాడు. కళ్లు సరిగా కనిపించవు. నీల పేరు చెప్పగానే గుర్తుపట్టాడు.

"అంజయ్య కోడలివా? సాపేసుకో బిడ్డా."

నీల చాప పరుచుకుని కూర్చుంది. ఎదురుగా దూలానికి పటం చుట్ట వేలాడుతోంది. గుడ్డ సంచిలో ఉంది.

"తాతా, ముస్తాబాద్‌ల మా ఇంటాయనను పోయినోళ్లల్ల చేర్చినవట."

"చేర్చిన."

"నువ్వు చూసినవా?"

ఓదెలు లోపల ఉన్న భార్యను నీళ్లకు పంపాడు. ఆమె బిందె తీసుకుని వెళ్లిందాకా ఆగాడు.

"అంజయ్య ముందుగాల మా ఇంటికచ్చిండు. నువ్వు కూసున్న కాడనే కూసున్నడు. నా కోడలిని వారం వారం పిలుస్తున్నరు ఓదెలూ, ఆడ ఏమైతుందో అది చెప్తలేదు, అడిగెతందుకు నాకు నోరొస్తలేదు అన్నడు. కొడుకు సచ్చిండంటె కోడలిని ఇడిసిపెడతరు అన్నడు. మరి పోయి చెప్పరాదు అన్న. నేను చెప్తె నమ్మరు, పటం ముందట నువ్వు పాడితె ఊరు నమ్ముతది, ఊరు నమ్మితె వాళ్లకు తెలుస్తది అన్నడు."

నీల చాప అంచు పట్టుకుంది.

"నేను ఒప్పుకోలే బిడ్డా. పటం ముందట అబద్ధం పాడితె నాలుక పడిపోతదని మా తాత చెప్తుండె. అంజయ్య నా కాళ్లు పట్టుకున్నడు. పెద్దోడు, నాకంటె పెద్దోడు. పాపం నాది, నాలుక పడితె నాది పడనీ అన్నడు. ఏం చేయాలె?"

"మాకెందుకు చెప్పలే మామ?"

"అడిగిన. ఉత్తదని తెలిస్తె వాళ్లకు ఏడ్వ రాదు, నిజమనుకుంటె బతుకరు అన్నడు. కొడుకు అచ్చినంక అందరికి చెప్త అన్నడు."

"అప్పుడు ఆయన ఉన్నడా తాతా?"

"ఉన్నడు. ఆ నెలల్నే అంజయ్యకు కబురొచ్చిందట. నాకు చెప్పిండు."

"తర్వాత?"

"తర్వాతది నాకేం తెలుసు బిడ్డా? నాకు తెలిసింది ఆ అబద్ధమొక్కటే."

ఓదెలు భార్య నీళ్లతో వచ్చింది. నీలకు చెంబు ఇచ్చి లోపలికి వెళ్లింది. నీల తాగి చెంబు పక్కన పెట్టింది.

"అప్పటిసంది బొద్దులోళ్ల ఇంట్ల నేను పటం విప్పలే," ఓదెలు అన్నాడు. "సిరిసిల్లకు అందుకే రాలే. అంజయ్య పోయిండని ఎవలో చెప్తె విన్న. చూడ రాలే."

"ఆయనను మల్ల ఉన్నోళ్లల్ల చేర్చి పాడుతవా?"

"యముని దగ్గరికి పోయి తిరిగచ్చినోడు మా పాటల ఒక్కడే బిడ్డా, మార్కండేయుడు. ఇంకొకరిని తెచ్చే పాట మాకు రాదు."

*

సిరిసిల్లలో బస్సు దిగి నీల ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో ఆడవాళ్లున్నారు. మోదుగాకుల మోపు గోడకు ఆనించి ఉంది. సత్తవ్వ నడుమ కూర్చుని చెబుతోంది. జలపతి చిన్నప్పుడు మాటిమాటికీ అలిగేవాడట. అలిగి సాంచా కింద దూరి పడుకునేవాడట. ఒకసారి వాణ్ని వెతకడానికి గల్లీ గల్లీ తిరిగారట, వాడు అక్కడే నిద్రపోయాడట.

"మీ ఆయన ఏం చేసిండు మరి?" రాజవ్వ అడిగింది.

"ఏం చేస్తడు? సాంచా బందువెట్టి వాడు లేచిందాంక కూసున్నడు. సేటు తిట్టిండు."

ఆడవాళ్లు నవ్వారు. సత్తవ్వ కూడా నవ్వింది. ఆమె ముందు గిన్నెలో అన్నం ఉంది. నీల ఇంట్లోకి వచ్చిన ఇన్నేళ్లలో అత్త కొడుకు గురించి ఇంత మాట్లాడటం వినలేదు.

సత్తవ్వ తలెత్తి కోడలిని చూసింది. నవ్వు ఆగింది.

"దొరికిండా, చూసినోడు?"

నీల గడప దగ్గర నిలబడింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

చూసినవాడు లేడని చెబితే ఎవరు పాడించారో చెప్పాలి. బతికున్న కొడుకును అంజయ్య పోయినవాళ్లలో చేర్పించాడని చెప్పాలి. ఎవరి కోసం చేర్పించాడో చెప్పాలి. అది విన్నాక సత్తవ్వ రేపటినుంచి మళ్లీ పేపర్ కోసం చూడాలి.

"దొరికిండు," నీల అంది.

"ఏమన్నడు?"

"జరమొచ్చిందట. అడవిల. మందులు దొరకలేదట."

"ఎవలన్న ఉన్నరా పక్కన?"

"ఉన్నరట."

"నోట్ల నీళ్లు వోసిండ్రా?"

"పోసిండ్రట."

"ఆఖరికి ఏమన్నడట?"

"అవ్వా అన్నడట."

సత్తవ్వ అన్నం గిన్నె పక్కకు జరిపి కొంగు ముఖానికి కప్పుకుంది. రాజవ్వ ఆమె వీపు నిమిరింది. నీల కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.

నిర్ణయించిన రోజున మానేరు ఒడ్డున మోదుగాకుల బొమ్మను పేర్చి దహనం చేశారు. దుర్గవ్వ వచ్చింది. శంకరయ్య జగిత్యాల నుంచి తెల్లచీర తెచ్చాడు. మట్టెలు తీసే ముసలమ్మ ముందు నీల కాళ్లు చాపింది. ఎడమ కాలి మట్టె రాలేదు. సబ్బు రాసి తీశారు.

గోవర్ధన్ కూడా వచ్చాడు. తిరిగి వెళ్లేముందు నీలను పక్కకు పిలిచి ఓదెలు ఏం చెప్పాడని అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. గోవర్ధన్ ఇంట్లో ఉన్న జనం వైపు చూశాడు.

"మరి ఇదంత ఏంది వదినా?"

"అత్తమ్మ తింటుంది. పండుకుంటుంది."

"నేను ఆ సున్న దిద్దుత."

"అద్దు. అత్తమ్మ ఉన్నన్ని రోజులు గట్లనే ఉండనీ. తర్వాత నేను చెప్త."

*

సత్తవ్వ శ్రావణంలో చనిపోయింది. పదో రోజు దాటాక నీల కోరుట్ల వెళ్లింది.

సంచిక అచ్చయింది. గోవర్ధన్ ఒక ప్రతి తెచ్చి ఇచ్చాడు. బొద్దుల వారి పేజీలో జలపతి సున్న నల్లగా ఉంది. పక్కన నక్షత్రం గుర్తు ఉంది. పేజీ అడుగున అదే గుర్తు పెట్టి ఒక వాక్యం వేశారు. నీల చదివింది. 'మరణాన్ని భార్య నీల ధ్రువీకరించారు.'

"గిదేంది గోవర్ధన్?"

"సంఘమోళ్లు అడిగిండ్రు వదినా. ఇది ఖాయమేనా, ఒకని దాంట్ల చూసి ఒకడు రాసిందా అని. క్రియ అయింది గద, వదిన చేతుల మీదనే అయింది గద అని నేనే చెప్పిన. ఇంక అంతకంటె ఆధారం ఏమున్నదని వాళ్లే వేసిండ్రు."

"మారుస్తవా?"

"ఏమని మార్చాలె? రెండే సున్నలున్నయి. తెల్లగ విడిస్తె ఉన్నడన్నట్టు. ఉన్నడా?"

"తెల్వదు."

"తెల్వదంటె సున్న ఎట్ల గీయాలె వదినా?" గోవర్ధన్ ఆ నల్ల సున్న మీద వేలు పెట్టాడు. "సచ్చిండని నువ్వే అంటివి. ఇప్పుడు తెల్వదని నువ్వే అంటున్నవు. ఏది వేస్తరు వాళ్లు? షోలాపూరోళ్లు మల్ల అచ్చు వేస్తున్నరు. భీవండీ నుంచి గూడ అడిగిండ్రు. ఈ పేజీ పంపిన నేను. కింద ఆధారం ఉన్నదని మంచిగనే ఉన్నదన్నరు."

నీల సంచిక మూసి అతనికిచ్చింది. అతను తీసుకోలేదు. ఆమె దాన్ని మంచం మీద పెట్టి వచ్చింది.

భాద్రపదం చివర పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యవారికి బియ్యం, కూరగాయలు ఇచ్చే రోజు. అంతకుముందు ఈ పని సత్తవ్వ చేసేది. ఈసారి నీల వెళ్లింది. చాటలో బియ్యం మూడు కుప్పలుగా పోసి తెచ్చింది. ఎందుకు మూడు పోసిందో ఆమెకే తెలియదు.

అయ్యవారు మొదటి కుప్ప మీద నీళ్లు చల్లి పేరు అడిగాడు. నీల అంజయ్య పేరు చెప్పింది. రెండో కుప్పకు సత్తవ్వ పేరు చెప్పింది. అయ్యవారు మూడో కుప్ప మీద చెయ్యి పెట్టాడు.

"ఇది ఎవరి పేరు మీదమ్మా?"

వెనక రాజవ్వ నిలబడి ఉంది.

"చెప్పు నీలా. జలపతిది."

నీల పలకలేదు.

"ఈమె మొగడు అయ్యగారూ," రాజవ్వ అంది. "అడవిల జరమొచ్చి పోయిండు, పాపం. నోట్ల నీళ్లు వోసిండ్రట. ఆఖరికి అవ్వా అన్నడట."

వరుసలో ఉన్న ఆడవాళ్లు జాలిగా అయ్యో అన్నారు. అందులో ఒకామె వేరే గల్లీ మనిషి. ఆమె కూడా "అవును, అన్నడట" అంది.

"పేరు చెప్పమ్మా, వెనక మంది ఉన్నరు," అయ్యవారు అన్నాడు.

"అత్తమ్మ పేరే చెప్పుండ్రి," నీల అంది.

"చెప్పినం గద. ఒకరికే రెండుసార్లా?"

"పదకొండేండ్లు ఆమె కడుపునిండ తినలే. దీన్ని గూడ ఆమెకే ఇయ్యుండ్రి."

అయ్యవారు రాజవ్వ వైపు చూశాడు. రాజవ్వ నోరు తెరిచి, నీల ముఖం చూసి మూసుకుంది. అయ్యవారు నీళ్లు చల్లి సత్తవ్వ పేరు రెండోసారి చదివి, బియ్యం సంచిలోకి వంచుకున్నాడు. నీల చాట దులుపుకుని వరుసలోంచి పక్కకు జరిగింది.